నాలుగు పెట్టెల ఏబేలు

ఏబేలుకు ఒక పెట్టె చాలదు. గిటారు ఒకటే, వాయించే చేతులు రెండే, కానీ దాని మోత బయటికి రావాలంటే మాత్రం నాలుగు పెట్టెలు ఒకేసారి పలకాలి. మూడే ఉన్నాయి, ఈ పూటకు సర్దుకోమంటే గిటారుకు గుడ్డ చుట్టి చంకలో పెట్టుకుని ఇంటికి పోయేవాడు.

మార్కాపురం పలకల గనిలో తూటాలు పేల్చే పని అతనిది. వరసకు నాకు బావ. రాతిదుమ్ము రొమ్ములో చేరి పోయిన ఏడు పోయాడు. నలభై ఆరేళ్ళు కూడా నిండలేదు. అతని గురించి రాద్దామని కూర్చుంటే ముందు నవ్వొస్తుంది, తర్వాత చాలాసేపు కలం కదలదు. అయినా రాయాలి. అతన్ని ఎక్కువగా ఎగతాళి చేసినవాణ్ణి నేనే.

మిషను దొర స్వదేశానికి పోతూ కరెంటుతో మోగే ఒక గిటారును, దాని పెట్టెను మా చర్చికి ఇచ్చిపోయాడు. ఆంధ్రప్రదేశ్ వచ్చి మూడేళ్ళయింది అప్పటికి. మా పేటకు కరెంటు వచ్చి మూడు నెలలు. గిటారును ఒళ్ళో పడుకోబెట్టుకుని, తీగల మీద ఇనుప ముక్క జరుపుతూ వాయించాలి. దొర బంగళాకు కరెంటు ముందే ఉంది, అక్కడ దీపాలు బాగుచేయడానికి పోయినప్పుడల్లా ఏబేలు అది చూసి నేర్చుకున్నాడట. మొదటి ఆదివారం ఒక్క పెట్టెతోనే వాయించాడు. అందరం మెచ్చుకున్నాం. అతను మాత్రం బెంచీల వైపు చూసి తల అడ్డంగా ఊపాడు.

ఆర్నెల్లలో పెట్టెలు నాలుగయ్యాయి. రెండోది పాత మైకుసెట్టుది. మూడోది ఎవరో పారేసిన రేడియో పొట్టలో నుంచి తీసింది. నాలుగోది మూతపడిన డేరా సినిమాది. ఒక చెక్కడబ్బాకు ఇటు ఒక బొక్క, అటు నాలుగు బొక్కలు పెట్టి, గిటారు తీగను ఇటు దూర్చి, నాలుగు తీగలు అటు లాగాడు. వాటిని ఆంప్లిఫయర్లంటారని నేను నాలుగుసార్లు చెప్పాను.

“పెట్టె అంటే పలకదా బావా?” అన్నాడు.

పలికేవి, కానీ నాలుగూ కలిస్తే ముందు గుయ్యిమని ఏడ్చేవి. ఆ ఏడుపు మాన్పడానికి చర్చి గోడ పక్కన ఎర్తు కోసమని ఇనుప కమ్మీ పాతి, చుట్టూ ఉప్పు, బొగ్గు వేశాడు. అక్కడ నేల ఆరకూడదు. మా ఎండలకు ఆరకుండా ఎలా ఉంటుంది? అందుకని పాట మధ్యలో కిటికీలో నుంచి కేక వినపడేది: “యేసుమణీ, నీళ్ళు!”

యేసుమణి అతని భార్య. చరణానికొక కడవ పోసేది.

“అందరూ పాట పాడి పున్నెం కట్టుకుంటాండారు. నేనేమో కమ్మీకి నీళ్ళు పోసి పెంచుతాండా. ఎప్పుడు కాపుకొస్తాదో అడుగు అన్నా మీ బావను” అని నాతో మొరపెట్టుకునేది.

ఒకసారి నాలుగు పెట్టెలూ మోగుతున్నా పాట పీలగా వచ్చింది. ఏబేలు చెవి పెట్టి ఒక్కొక్కటే విని, రెండింటి తీగలు తారుమారుగా తగిలించానని కనుక్కున్నాడు.

“రెండు ముందుకు తోస్తాండాయి, రెండు ఎనక్కు లాగుతాండాయి బావా. ఇంకేం మిగుల్తాది?”

“మన సంఘ పెద్దలు చేసేదీ అదే గదా” అన్నాను. ఇద్దరం నవ్వుకున్నాం. సంఘ పెద్ద కరుణాకరం నవ్వలేదు.

త్రిపురాంతకంలో మా వాళ్ళ పెండ్లికి పేటంతా బస్సెక్కాం. బస్సు పైన నాలుగు పెట్టెలు చూసి కండక్టరు దిగివచ్చాడు.

“ఎవురివయ్యా ఇయ్యి? ఒకటి పెట్టుకో, మూడు దించు.”

“దించు. నేనూ దిగుతా” అన్నాడు ఏబేలు.

“దిగు.”

ఏబేలు దిగాడు. అతని వెనక మా నాయన దిగాడు. వరప్రసాదం చిన్నాయన దిగాడు. పిచ్చమ్మత్త దిగింది. మా కులం కాకపోయినా, గనిలో కలిసి పనిచేసేవాడు కాబట్టి పెండ్లికి బయల్దేరిన మాల్యాద్రి కూడా దిగాడు. వాళ్ళను చూసి మిగతావాళ్ళూ దిగి సగం బస్సు ఖాళీ అయ్యేసరికి కండక్టరు తల కొట్టుకుని అందరినీ ఎక్కించుకున్నాడు. ఈ నలుగురూ ఏబేలు వెనకే ఎందుకు దిగారని నేను ఆలోచించలేదు. అయ్యవారిని కదా, నాకన్నీ తెలుసు.

నేను మిషను బడిలో పంతులును. నా పేరు కృపావరం. రెండు వారాలకొకసారి చర్చిలో ప్రసంగం కూడా నాదే. మా నాయన దావీదు గనిలో పలకలు చీల్చేవాడు. నేను ప్రసంగిస్తున్నంతసేపూ ముందు బెంచీలో కూర్చుని నా మొహంలోకి రెప్పవేయకుండా చూసేవాడు. అయిపోయాక “బాగ చెప్పినావురా” అనేవాడు. అమ్మ పోయిన తర్వాత ఇంట్లో కూడా అంతే, నోరు తెరిస్తే చాలు, నన్నే చూసేవాడు. నా మాటంటే నాయనకు అంత ఇష్టమని పొంగిపోయేవాణ్ణి.

అంత మంచి ప్రసంగానికి ఏబేలు పెట్టెలు అడ్డం వచ్చేవి. పాట ఆగినా వాటి గుయ్యి ఆగేది కాదు. పైగా వాటిని పెట్టే చోట్లు చూస్తే ఒళ్ళు మండేది. ఒకటి ముందు బెంచీ కింద. ఒకటి వెనక గోడకు ఆనించి. ఒకటి ఆడవాళ్ళ వైపు. నాలుగోది కిటికీలో, అదీ మొహం బయటికి పెట్టి. బయట మాల్యాద్రి తన మేకలను తోలుకొచ్చి రాతి మీద కూర్చునేవాడు.

“మేకలకు సువార్త చెప్తాండావా?” అని అడిగాను.

“వాటికీ చెవులుండాయి గదా బావా.”

చివరికి కరుణాకరం ఫిర్యాదు చేశాడు, సంఘం కూడింది, నేను ముత్యాల్లాంటి అక్షరాలతో తీర్మానం రాశాను: ఇకమీదట ఆరాధనలో ఒక్క పెట్టె మాత్రమే. ఆ కాగితాన్ని ఏబేలు చేతిలో నేనే పెట్టాను. అతను చదువుకుని మొదటిసారి వేళాకోళం ఆడలేదు.

“నాలుగూ ఉండాల బావా.”

“ఎందుకు? ఒక్క కారణం చెప్పు, ఈ కాగితం ఇప్పుడే చించేస్తా.”

కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు. “చెప్పేది కాదులే.”

“అయితే నీ గొప్ప కోసమే గదా?”

“గొప్ప కోసమేననుకో.”

తర్వాత మూడు ఆదివారాలు, సంఘం మాట మీరలేక, ఒక్క పెట్టెతోనే వాయించాడు. ప్రతి మాటా స్పష్టంగా వినపడేలా ప్రసంగించాను. కానీ పిచ్చమ్మత్త రావడం మానేసింది. వరప్రసాదం చిన్నాయన రాలేదు. కిటికీ బయట మేకలూ లేవు. మూడో వారం మా నాయన మోకాళ్ళ నొప్పులని మంచం దిగలేదు. వర్షంలో, జ్వరంలో, అమ్మ పోయిన వారంలో కూడా చర్చికి వచ్చిన మనిషి. నాకు ప్రాణం ఉసూరుమంది. నా ప్రసంగం నాయనకు కూడా విసుగు పుట్టించిందనుకున్నాను.

ఆ తర్వాతి శనివారం గనికి సెలవు, బడి ఒంటిపూటే. ఇంటికొచ్చేసరికి వసారాలో నాయన మంచం మీద నాకు వీపు పెట్టి కూర్చున్నాడు. ఆయన వీపుకు ఆనించి రేడియో పెట్టె. నేల మీద ఏబేలు, ఒళ్ళో గిటారు. లావు తీగ మీటాడు. నాయన వేలెత్తాడు. సన్న తీగ మీటాడు. నాయన వేలు లేవలేదు. మళ్ళీ లావు తీగ. ఈసారి నాయన వేలెత్తి, చిన్నపిల్లవాడిలా నవ్వాడు.

“నాయనా” అన్నాను.

తిరగలేదు.

“నాయనా!” అని అరిచాను. ఎదురింటి వాళ్ళు తొంగిచూశారు. నాయన తిరగలేదు. ఏబేలు తలెత్తి నన్ను చూసి గిటారు పక్కన పెట్టాడు.

ఒకే ఇంట్లో ఉంటూ, నాయన నా మొహంలోకి అలా ఎందుకు చూసేవాడో నాకు తెలియలేదు. పెదాలు చూసి మాట పోల్చుకునేవాడు. పోల్చుకోలేనివి అమ్మ చెప్పేది. అమ్మ పోయాక చెప్పేవాళ్ళు లేరు. నా గొంతు ఆయన విని ఎన్నేళ్ళయిందో నేను అడగలేకపోయాను.

ఏబేలు నన్ను పెరట్లోకి లాక్కుపోయాడు.

“గట్టిగా అనమాక బావా. తూటా పేలబోయే ముందు ఏసే కేక వినపడనోణ్ణి మేస్త్రీ గనిలో నిలబెట్టడు. తెలిస్తే నలుగురూ ఇంటికే. నేను వత్తి అంటించే ముందు ఒక్కొక్కరి భుజం తట్టి, నా చేత్తోనే బయటికి తెస్తాండా. ఇంతవరకూ ఎవురికీ గీత పడలా.”

“నలుగురా?”

“మామ, వరప్రసాదం చిన్నాయన, పిచ్చమ్మత్త, మాల్యాద్రి. మామకు లావు తీగే అందుతాది, అది రేడియో పెట్టెలోనే బాగ పలుకుతాది. చిన్నాయనకు గోడ అదరాల, వీపు ఆనించి వింటాడు. అత్తకు ఎడమ చెవి కొంచెం మిగిలింది. మాల్యాద్రేమో లోపలికి రానంటాడు. ఒక పెట్టె నలుగురి కాడికి యాడ పోతాది?”

నేను లెక్కలు చెప్పే పంతులును. నాలుగు పెట్టెలు, నలుగురు మనుషులు. ఈ లెక్క నాకు తట్టలేదు.

“ముందే ఎందుకు చెప్పలేదు బావా? గొప్ప కోసమని పేటంతా అనిపించుకున్నావే?”

“అననీలే. ఆ చెవులు తీసింది నా తూటాలే గదా.” అని తల తిప్పుకున్నాడు. అతను ఏడవడం చూసింది ఆ ఒక్కసారే. నేనూ ఏడ్చాను.

మర్నాడు ఆరాధనకు ముందే సంఘాన్ని కూర్చోబెట్టాను. కారణం చెప్పే వీల్లేదు. నిల్చుని గొంతు సవరించుకున్నాను.

“నేను ప్రసంగానికి లేచే ముందు నాలుగు పెట్టెలూ మోగాలి. అది నా హోదా.”

కరుణాకరం కళ్ళజోడు తీశాడు. “అయ్యోరూ, ఒక్కటే చాలని రాసింది మీరే గదా?”

“అప్పుడు నాకు బుద్ధి లేదు.”

“ఇప్పుడు వచ్చిందా?”

అందరూ నవ్వారు. లేకపోతే ప్రసంగం మానేస్తానని బెదిరించాను. ఎవరూ బెదరలేదు, ఒకరిద్దరి మొహాలు వెలిగాయి కూడా. పండుగకు పిల్లలకు పాటలు నేర్పనన్నాను. అప్పుడు దిగివచ్చారు. అయ్యవారికి పొగరెక్కిందని ఆ రోజే పేటంతా పాకింది. పాకనిచ్చాను. ఆ నలుగురిలో ఎవరూ ఇప్పుడు గనికి పోవడం లేదు కాబట్టి, ఇన్నాళ్ళకు ఈ మాట రాయగలిగాను.

ఆ పూటే నాలుగు పెట్టెలూ గుయ్యిమన్నాయి. యేసుమణి కడవెత్తింది. గోడకు ఆనుకుని వరప్రసాదం చిన్నాయన కళ్ళు మూసుకున్నాడు. ముందు బెంచీలో నాయన రెండు చేతులూ మోకాళ్ళ మీద పెట్టుకుని, పాట సాగినంతసేపూ తల ఊపాడు. నా ప్రసంగం ఆ మోతలో ఎవరికీ సరిగా వినపడలేదు. అయిపోయాక నాయన దగ్గరికొచ్చి, “బాగ చెప్పినావురా” అన్నాడు.

చర్చి నుంచి మా ఇంటికి రెండు వీధులు. ఎప్పుడూ నేను ముందు, నాయన వెనక. నాలుగడుగులు వేసి ఆగిపోయాను. వెనక్కి తిరిగి, నాయన మొహానికి ఎదురుగా, వెనకడుగులు వేస్తూ నడవడం మొదలుపెట్టాను. నడుస్తూ, నోరు పెద్దగా తెరిచి, ఒక్కొక్క మాటే విడదీసి, ఆనాటి ప్రసంగమంతా మళ్ళీ చెప్పాను. నాయన నా పెదాలు చూస్తూ వచ్చాడు. రెండుసార్లు రాయి తగిలింది. ఒకసారి కరుణాకరం ఇంటి గేదెకు తగులుకున్నాను. వాకిట్లో నిలబడి జనం నవ్వారు, ఏబేలు పిచ్చి అయ్యవారికి అంటుకుందన్నారు.

ఇంటి గడప దగ్గర ప్రసంగం ముగిసింది. నాయన గడప మీద కూర్చుని కాళ్ళు చాపాడు.

“ఇంత పొడుగు చెప్తాండావేందిరా ఇన్నేండ్లూ?” అన్నాడు. “కొంచెం తగ్గించు.”