పిన్ని ఒప్పుకున్న తప్పు

మా పిన్ని ఇరవై రెండేళ్లు కోతులకు ఆకులు కోసింది. ఆ ఉద్యోగం గురించి చెప్పుకోవడానికి నాకు నామోషీ, ఆమెకు బోలెడంత గర్వం. అవి మామూలు కోతులు కావు, ఆకులు తిని బతికేవి. అడవిలో వందలోపే మిగిలాయట. పిన్ని పనిచేసే సంరక్షణ కేంద్రంలో పదకొండు.

లేతాకు, ముదురాకు వేరుచేసి, తడి తుడిచి కట్టలు కట్టేది. వాటి కడుపు గదులు గదులుగా ఉంటుందనీ, ఆకు అందులో పులిసి అరుగుతుందనీ, తీపి పండు పడితే పొట్ట ఉబ్బి ప్రాణం మీదికొస్తుందనీ అన్నం తింటున్నప్పుడు కూడా మా బుర్ర తినేది. నేను చెవిన పెడితే కదా.

ఒక కోతికి పిల్ల పుడితే చూపించడానికి నన్ను తీసుకెళ్లింది. తల్లి బూడిదరంగు, పిల్ల మెరిసే నారింజ రంగు. పిల్ల తల్లి దగ్గర లేదు, ఇంకో ఆడకోతి ఎత్తుకుని తిరుగుతోంది. వీటిలో అంతేననీ, తల్లి తింటుంటే పిన్నులు ఎత్తుకుంటారనీ చెప్పి పిన్ని నవ్వింది. అమ్మ పోయాక నన్ను పెంచింది పిన్నే. నాకు ప్రేమ పొంగుకొచ్చింది. ఆమె ఆకుల కోసం లోపలికి వెళ్లగానే, నా సంచిలోని అరడజను మగ్గిన అరటిపళ్లు ఒలిచి కంచె సందుల్లోంచి తల్లికోతికి పెట్టేశాను. బాలింత కదా అనుకున్నాను.

మర్నాడు తల్లికోతి పొట్ట ఉబ్బి చచ్చిపోయింది. అరటిపండుతో ప్రాణం పోవడమేమిటి? పిన్నికి మాత్రం జరిగిందంతా చెప్పేశాను.

కోతి కడుపులో అరటిపళ్లు దొరికాయనీ, పెట్టిందెవరనీ కేంద్రంలోని పశువుల డాక్టరు అందరినీ నిలబెట్టి అడిగాడు. నేను పిన్ని వెనక్కి జరిగాను.

"నేనేనండీ," అంది పిన్ని. "బాలింత కదా అనుకున్నాను."

డాక్టరు నివ్వెరపోయాడు. ఇరవై రెండేళ్లుగా అందరికీ వద్దని చెప్పిన మనిషి మరి. అక్కడికక్కడే ఆమె కొడవలీ తాళాలూ తీసేసుకుని పంపించేశారు.

గేటు దగ్గర పిన్ని ఆగిపోయింది. పిల్లనెత్తుకున్న ఆ ఆడకోతి దాన్ని ఎవరికీ వదలడం లేదు. ఆడకోతికా పాలు లేవు. సీసా పట్టబోయిన వాళ్లందరినీ కరవబోతోంది.

"నాకైతే ఇస్తుంది," అంది. "సాయంత్రంలోగా పాలు పట్టకపోతే పిల్ల దక్కదు. నువ్వు మాత్రం నోరెత్తకు. బయటివాళ్ల మీదైతే కేసు పెడతారు."

ఆ పిల్లను వదులుకుని నన్ను కాచుకుంటోంది. నేను నన్ను పట్టుకున్న ఆమె చెయ్యి విడిపించుకుని డాక్టరు గదిలోకి వెళ్లాను.

"పళ్లు పెట్టింది నేనండీ. ముందు మా పిన్నిని లోపలికి రానివ్వండి."