పొడిగనే ఉంది తమ్మీ

గల్ఫ్ ఎడారిలోని సఖీర్ సైట్‌లో కంపెనీ నాకిచ్చిన కొంప ఒక పాత క్యారవాన్. ఏదో చమురు క్యాంపులో ఏళ్లతరబడి వాడి పారేసినదాన్ని లారీ మీద తెచ్చి, చక్రాలు పీకి, ఇటుకల మీద కూర్చోబెట్టారు. బయట అల్యూమినియం రేకు, లోపల పలుచని చెక్క. రెండు మంచాలు. ఒక దాని మీద నేను, రెండో దాని మీద ఒక మేస్త్రీ. కరీంనగర్ పక్క పల్లె ఆయనది. నాకంటే పదిహేనేళ్లు పెద్ద. అన్నా అనేవాణ్ణి.

నేను చిక్కడపల్లిలో పుట్టి పెరిగినవాణ్ణి. పార పట్టడం తెలీదు. సైట్‌లో టెలిఫోనే నా డ్యూటీ. సిమెంటు లారీ ఎప్పుడొస్తుంది, నీళ్ల ట్యాంకర్ ఎక్కడ ఆగింది, అన్నీ నన్నే అడిగేవాళ్లు. ఆఫీసు నుంచి పొడుగాటి వైరు లాక్కుని ఫోన్‌ని క్యారవాన్‌లోకి తెచ్చుకున్నాను. అన్నం తింటున్నా అది ఒళ్లోనే ఉండేది. ఫోర్‌మన్ నన్ను పేరు పెట్టి ఏనాడూ పిలవలేదు. "ఏయ్ టెలిఫోన్!" అనేవాడు.

ఆ ఏడాది అది నాకు డ్యూటీని మించిన వస్తువు. ఎండాకాలం మొదట్లో సెలవుకి ఇంటికెళ్లి వచ్చాను, ఇప్పుడు హైదరాబాద్‌లో నా భార్యకి నెలలు నిండుతున్నాయి. కాన్పు కాగానే మందుల షాపు నుంచి ట్రంక్ కాల్ చేస్తానని మా బావమరిది మాటిచ్చాడు. వాళ్ల దగ్గరున్నది ఆ ఒక్క నంబరే.

మొదటి జల్లు పడిన మర్నాడు నా తలగడ వైపు గోడ మీద టీ ఒలికినట్టు మరక కనిపించింది. వేలితో నొక్కితే చెక్క నానిన బిస్కెట్‌లా లోపలికి పోయింది. ఫోర్‌మన్ వచ్చి చూసి, తన హిందీలో ఒకటే మాట చెప్పాడు. "ఇంకోసారి నీళ్లొస్తే ఇది ఖలాస్ భాయ్. ఇద్దరూ మనామా క్యాంపుకి పోండి. పొద్దున్నే బస్సులో రండి." అంటే సాయంత్రం ఐదుకి ఆఫీసుకి తాళం పడుతుంది, ఫోన్ లోపలే ఉండిపోతుంది. మా ఇంటికి లైను దొరికేదేమో రాత్రిళ్లు.

నాకు కోపం ఆగలేదు. బకెట్‌తో నీళ్లు తీసుకుని కప్పెక్కి మొత్తం కుమ్మరించాను. కారేదేదో ఒక్కసారే కారి చావనీ అని. కింద అన్న ఒకటే నవ్వు.

"ఓ పట్నం దొరా, గట్ల కుమ్మరిస్తె నీళ్లు యాడికెంచి వచ్చినయో ఎట్ల తెలుస్తది? కిందికెంచి మీదికి రావాలె. ముందుగాల గోడ అడుగు, తర్వాత కిటికీ, ఆఖరికి కప్పు. ఒక్కో జాగకు ఓ బీడీ తాగేంతసేపు ఆగాలె."

"బీడీ తాగేంతసేపు ఎందుకన్నా?"

"నీళ్లకు నీలెక్క తొందర ఉండది. తొవ్వ దొరికేదాంక నిలవడతయి. నువ్వు బక్కోనివి, పైపు వట్టుకొని నువ్వే మీదికెక్కు. నేను లోపల టార్చి వట్టుకొని చూస్త."

ఆయన పద్ధతిలోనే మూడు శుక్రవారాలు చేశాం. నేను బయట పైపుతో, ఆయన లోపల టార్చితో. ఫోన్ మాత్రం నిచ్చెన పక్కన డ్రమ్ము మీద పెట్టుకునేవాణ్ణి. గోడ అడుగున నీళ్లు పట్టి అరిచాను.

"అన్నా, ఏమన్నా ఉందా?"

"పొడిగనే ఉంది తమ్మీ!"

కిటికీ దగ్గరికి రాగానే లోపల్నుంచి కేక. "ఆగాగు, చుక్క వడ్డది!" చూస్తే కిటికీ చుట్టూ ఉన్న రబ్బరు ఎండి పగిలిపోయింది. పీకేసి కొత్తది కూర్చి, పైన పుట్టీ పెట్టాం. ఏసీ డబ్బా లోపలికి వాలి ఉందని, దాని నీళ్లు కూడా గోడలోకే దిగుతున్నాయని కనిపెట్టింది కూడా ఆయనే. కింద చెక్క ముక్క పెట్టి బయటికి వాల్చాడు. మూడో శుక్రవారం కప్పు మీదికి చేరాను. అక్కడ గాలి కోసం ఒక మూత ఉంది, సరిగ్గా ఆయన మంచం మీదికి. దాని చుట్టూ రెండు బీడీలు కాలేంతసేపు నీళ్లు పట్టాను.

"పొడిగనే ఉంది తమ్మీ! ఇగ దిగు!"

దిగి, చేతులైనా తుడుచుకోకుండా ఫోర్‌మన్‌కి ఫోన్ చేశాను. క్యారవాన్‌కి నాదే పూచీ అన్నాను. మా అన్న చూశాక ఇక తిరుగులేదన్నాను.

జనవరిలో వరసగా రెండు రోజులు వాన కురిసింది. రెండో రోజు పొద్దున నా తలవైపు చెక్క అట్టలు అట్టలుగా ఊడి పరుపు మీద పడింది. ఫోర్‌మన్ ఇనప కడ్డీతో వచ్చి గోడంతా కెలికాడు. నీళ్లు పైనుంచి వస్తున్నాయని, అన్న మంచం మీది కప్పు చెక్కలో కడ్డీ దూర్చి లాగాడు. నల్లగా కుళ్లిన గుడ్డ ముద్దొకటి దబ్బున కిందపడింది. అన్న లుంగీ. మూత సందులోంచి దిగిన నీళ్లని అది ఆయన మీద పడకుండా ఆపుతోంది. ఆ నీళ్లన్నీ కప్పు దూలం వెంట పాకి నా గోడలోకి దిగుతున్నాయి.

"ఇదేందన్నా?"

ఆయన లుంగీ వంకే చూస్తున్నాడు.

"ఆ రోజు నేను మీద నీళ్లు పోస్తుంటే కారిందా, లేదా?"

"కారింది. నా మొకం మీదనే వడ్డది. అటెన్క గుడ్డ కుక్కిన."

"మరి నాకెందుకు చెప్పలేదు?"

"మనామల మా ఊరోళ్లు ఏడుగురున్నరు తమ్మీ. ఒక్క రూంల వండుకుంటరు, పత్తాలాడుకుంటరు. రెండేండ్లాయె, ఈ ఇసుకల నీ ఫోన్ ముచ్చట్లే ఇనుకుంట కూసున్న. నాకు ఫోన్ జేసేటోడెవడు? మా ఊళ్లె తీగనే లేదు. ఈ డబ్బా వోతె మనం గూడ మనామకు వోతమనుకున్న."

"నా పెళ్లాం కాన్పు సంగతి నీకు తెల్వదా?"

"తెలుసు." అన్నాడు. "ఉత్తరం రాదా ఏంది? మాకందరికి ఉత్తరాలే గద వచ్చేది."

ఆయన ట్రంకు పెట్టె ఎత్తి బయట బురదలోకి విసిరేశాను. మూత ఊడి బట్టలు చెల్లాచెదురయ్యాయి. ఆయన వంగి ఒక్కొక్కటే ఏరుకున్నాడు. "యల్లా, సామాన్ ఎత్తండి" అని ఫోర్‌మన్ హారన్ కొట్టాడు.

ఒట్టి అబద్ధమైతే ఇంత మండేది కాదు. కిటికీ దగ్గర నిజం చెప్పాడు, ఏసీ దగ్గర నిజం చెప్పాడు. నన్ను నమ్మించడానికి కావలసినంత నిజం చెప్పి, అసలు చోట నోరు మూసుకున్నాడు. నీళ్లని ఎలా పట్టుకోవాలో నాకు నేర్పింది ఆయనే.

మనామాలో గదికి పన్నెండు మంచాలు. వెళ్లిన సాయంత్రమే ఆయన తన ఊరివాళ్ల మధ్య చేరి పేక పత్తాలు పంచాడు. రెండేళ్లలో నేనెన్నడూ వినని గొంతుతో పడీపడీ నవ్వాడు. ఆ నవ్వు వింటుంటే నాకు జాలి కలగలేదు, ఒళ్లు మండింది.

ఉత్తరం వచ్చేసరికి మా పాప పుట్టి పందొమ్మిది రోజులు. "తల్లీబిడ్డా క్షేమం. నాలుగు రాత్రులు ఫోన్ చేశాం బావా. మోగుతూనే ఉంది, ఎవరూ ఎత్తలేదు" అని రాశాడు మా బావమరిది. ఆ మాటలు నేను పైకే చదివినట్టున్నాను, గదిలో పత్తాల చప్పుడు ఆగిపోయింది.

శుక్రవారం సూక్ బజారుకి పోయి ఎర్రటి హల్వా డబ్బా తెచ్చాను. గదిలో ఎవరింట్లో బిడ్డ పుట్టినా అందరికీ తీపి పెట్టడం మా అలవాటు. చెంచాతో ఒక్కొక్కరి అరచేతిలో ఒక ముద్ద వేసుకుంటూ వస్తున్నాను. అన్న అప్పటికే చేతులు కడుక్కొచ్చి మంచం అంచున కూర్చున్నాడు. కుడిచేయి చాపాడు.

"ఆడివిల్లనట గద తమ్మీ. ఎవరి పోలికంట?"

ఆయన్ని దాటి పక్క మంచం అతని చేతిలో ముద్ద వేశాను. ఆ చేయి ఇంకా చాచే ఉందని కంటి కొసలోంచి కనిపిస్తూనే ఉంది. చివరి మంచం దాకా పంచాక డబ్బాలో ఒక ముద్ద మిగిలింది. గుమ్మం దగ్గర నిలబడి దాన్ని నేనే తినేశాను.