అక్క చెప్పిన ఇరవై ఆరు సినిమాలు

మా తోడికోడలు కంటిలో పొర తీయించుకుందని తెలిసిన రోజే ఆమెను నా ఇంటికి తెచ్చుకోవాలని అనుకున్నాను. ప్రేమతో కాదు. నెల రోజులు పొయ్యి దగ్గరికి పోవద్దు, టీవీ చూడవద్దు అని డాక్టరు చెప్పాడు. అనంతపురంలో ఆమె కొడుకులుండేది రెండో అంతస్తు, మెట్లు కష్టం. ముదిగుబ్బలో నా ఇంటికి మెట్లు లేవు. పెద్ద టీవీ ఉంది. ఆమె చెవులు బాగా పనిచేస్తాయి. నాకు కావలసింది అదే.

నేను కోడలిగా వచ్చిన కొత్తలో మా పల్లెకు నాలుగు మైళ్ళ దూరాన, ఈ ముదిగుబ్బలోనే, డేరా టాకీసు ఉండేది. కొత్త సినిమా వస్తే మా అత్త ఇద్దరు కోడళ్ళలో ఒకరినే పంపేది. ఎనుముల పాలు పిండడానికి ఒకరు ఇంట్లో ఉండాలి. ఆ ఒకరు ఎప్పుడూ నేనే. సినిమా చూసి వచ్చినావిడ మరునాడు విత్తనం చెనక్కాయలు ఒలిచేటప్పుడు కథంతా చెప్పాలి. ఒలిచే కాలం కాకపోతే రాగులు విసిరేటప్పుడు. అది మా ఇంట్లో కట్టుబాటు. అత్త, చుట్టుపక్కల ఆడవాళ్ళు కాయల కుప్ప చుట్టూ చేరేవాళ్ళు. మా తోడికోడలు, నేను అక్కా అని పిలిచే మనిషి, కథ బాగా చెప్పేది. ఏడవాల్సిన చోట ఒలవడం ఆపి కొంగుతో ముక్కు తుడుచుకునేది.

నేను పదకొండో తరగతి పాసైనదాన్ని. చూడలేకపోయిన సినిమాలను కనీసం రాసైనా పెట్టుకోవాలని ఒక నోటుబుక్కు కుట్టుకున్నాను. తారీఖు, సినిమా పేరు, అక్క చెప్పిన కథ. ఎనిమిదేళ్ళలో ఇరవై ఆరు.

అందులో పంతొమ్మిదో దాని గురించి చెప్పాలి. ఆ సోమవారం నాకు టీచరు ట్రైనింగులో సీటు వచ్చిందని ఉత్తరం అందింది. మా ఇంటాయన సరేనన్నాడు. అత్త చూద్దామంది. బుధవారం అక్క సినిమాకు పోయింది. గురువారం కాయలు ఒలుస్తూ కథ చెప్పింది. చదువుకున్న చిన్న కోడలు ఉద్యోగానికి పోతుంది, పెట్టె తాళాలు లాక్కుంటుంది, అన్నదమ్ములను విడదీస్తుంది, చివరికి అత్త సత్రంలో చస్తుంది. మా అత్త చేతిలో కాయలు కింద పెట్టి, ఇంటికి నిప్పు పెట్టే చదువు మనకొద్దు అంది. మా ఇంటాయన తల్లికి ఎదురు చెప్పే మనిషి కాదు. ట్రైనింగులో చేరడానికి గడువు పన్నెండు రోజులు. పదమూడో రోజు నేను విత్తనం గంప నెత్తిన పెట్టుకొని చేనికి పోయాను.

యాభై మూడేళ్ళు నేను ఆ సినిమా తీసినవాళ్ళను తిట్టుకున్నాను. అక్కను ఒక్క మాట అనుకోలేదు.

పోయిన సంవత్సరం టీవీ పెడితే ఏడో నంబరు సినిమా వస్తోంది. అక్క తన కథలో బావిలో తోయించిన చిన్న కోడలు అందులో బావి దరిదాపులకే పోలేదు. నోటుబుక్కు తీసి సరిచూశాను. తర్వాత నెట్లో వెతికితే ఇరవై ఆరూ దొరికాయి. పంతొమ్మిదో దాని మీద చెయ్యి ఎన్నిసార్లు పోయిందో. చూడలేదు. చూస్తే అక్కతోనే చూడాలి.

మార్చి ఒకటిన మొదలుపెట్టాను. రోజుకొకటి, మధ్యాహ్నం రెండు గంటలకు. కరెంటు లేక నాలుగు రోజులు పోయాయి. అక్క నల్ల కళ్ళద్దాలు పెట్టుకొని, టీవీకి వీపు చేసి మంచం మీద కూర్చునేది. సినిమా అయిపోగానే నేను ఆ నంబరు పేజీ తీసి, అప్పుడు తను చెప్పిన కథ చదివి వినిపించేదాన్ని.

మొదట గుర్తు లేదంది. మూడో సినిమాకు, ఆ డేరాలో మాటలు సరిగా వినపడేవి కాదంది. ఆరోదానికి నవ్వింది. "సినిమా కన్నా నా కతే బాగుండాది కదమే?" అంది. నిజం చెప్పాలంటే రెండు చోట్ల బాగుంది. అదీ పక్కన రాసుకున్నాను.

పది దాటాక నవ్వడం మానేసింది. ఆమె కూడా లెక్క పెడుతోందని అర్థమైంది. పదిహేడో రోజు తలనొప్పి అంది. మాత్ర ఇచ్చి, కంట్లో చుక్కలు వేసి, సినిమా పెట్టాను. పంతొమ్మిదోది మొదలుపెట్టే ముందు కొడుకు దగ్గరికి పోతానంది. నెల నిండడానికి ఇంకా ఎనిమిది రోజులుందని చెప్పాను.

సినిమాలో ఆ కోడలు టీచరవుతుంది. వరసగా రెండేళ్ళు వానలు పడవు. ఆమె జీతంతోనే ఇల్లంతా తింటుంది. చివర్లో అత్త తాళాలు తీసి ఆమె చేతికిస్తుంది.

ఆ రోజు నోటుబుక్కు తెరవలేదు. ఆ పేజీ నాకు నోటికి వచ్చు. చెప్పాను. అక్క గోడ వైపు నుంచి నా వైపు తిరిగింది.

"కత మార్చి చెప్పినా మే," అంది. "నువ్వు పోయింటే మూడు ఎనుములు, నలుగురు పిల్లోళ్ళు, అత్త నోరు, అంతా నాకే పడుతుండె. నువ్వు సంచి తగిలించుకొని బడికి పోతాంటే, నేను పేడ గంపెత్తుకొని చూస్తా నిలబడల్నా?"

"నన్నడిగింటే తెల్లారక ముందే పాలు పిండి పోయేదాన్ని గదక్కా."

"నిన్ను నేనేల అడగల్ల?" అంది. కాసేపటికి గొంతు తగ్గించింది. "చెప్పినా గదా, ఇంగ ఇడిసిపెట్టు. మా కోడండ్ల దగ్గర మాత్రం అనొద్దు."

ఆమె చిన్న కోడలు కుందుర్పిలో టీచరు. మా చిన్నది టీచరని అక్క కనపడినవాళ్ళందరికీ చెప్పుకుంటుంది.

నేనేమీ మాట్లాడలేదు. మిగిలిన ఏడూ చూశాం. ఒప్పులు తొమ్మిది, తప్పులు పదిహేడు. తప్పు చెప్పిన ప్రతి కథలోనూ చెడిపోయింది చిన్న కోడలే.

నెల నిండాక వచ్చిన ఆదివారం కోడళ్ళిద్దరూ ఆమెను తీసుకుపోవడానికి వచ్చారు. ఉగ్గాని చేసి పెట్టాను. వాళ్ళు తింటుండగా లోపలికి పోయి నోటుబుక్కు తెచ్చాను. గది ఆ చివర నుంచే అక్క దాన్ని గుర్తుపట్టింది. కన్ను బాగా వచ్చిందని సంతోషించాను.

"మే, మాటిచ్చినావు," అంది.

"ఇయ్యలేదక్కా. ఊరకున్నా, అంతే."

పంతొమ్మిదో పేజీ తారీఖుతో సహా చదివాను. సినిమాలో అసలేముందో చెప్పాను. ఉత్తరం ఏ రోజు వచ్చిందో, గడువు ఏ రోజుతో తీరిందో చెప్పాను. అక్క చిన్న కోడలు తినడం ఆపేసింది.

"చిన్నత్తా, అప్పుడు నీకెంత వయసు?" అని నన్నడిగింది.

ఇరవై మూడన్నాను.

ఆ పిల్ల అత్తగారి వైపు తిరిగి, నిజమేనా అని అడిగింది. అక్క తల వంచుకొని ఊ అంది. పెద్ద కోడలు గ్లాసుతో నీళ్ళిస్తే తీసుకోలేదు. ఆమెకిప్పుడు ఎనభై ఒకటి. పళ్ళెంలో ఉగ్గాని అట్లే ఉంది. చూశాను.

"ఇప్పుడు సాలునా నీకు?" అని నన్నడిగింది.

"తప్పులు పదిహేడక్కా," అన్నాను. "ఇది ఒకటి."

మొదటి పేజీకి తిప్పి, కళ్ళజోడు సర్దుకున్నాను.