టేపక్క కొలత

లోదుస్తుల కొట్లో పనిచేసే ఆవిణ్ని తోటివాళ్లు టేపక్క అంటారు. ఇరవై ఏళ్లుగా మెడలో టేపు వేలాడుతూనే ఉంది గాని, దాంతో పనిపడింది తక్కువ. మనిషి గుమ్మం దాటేలోపే చూపుతో కొలిచేస్తుంది. బ్రా బిగుతైతే భుజాలు కోసుకుపోతాయనీ, షిమ్మీ హాయే గాని పట్టు ఉండదనీ, ఇంట్లో ఏదీ వేసుకోకపోయినా కొంపలేం మునగవనీ మొహమాటం లేకుండా చెబుతుంది. ఏది అమ్మినా ముందు దాని కుట్టును తన చెంపకు రుద్ది చూస్తుంది.

ఏడాదిగా కనబడని టీచరుగారు ఇవాళ శాలువా కప్పుకుని వచ్చారు. అడక్కముందే టేపక్క ఆవిడ పాత సైజు బ్రాల పెట్టె తీసి తెరిచింది. "అవి వద్దమ్మా, మెత్తటి షిమ్మీ ఇవ్వు," అన్నారావిడ. "మీకది సరిపోదండీ. పట్టు లేకపోతే సాయంత్రానికి వీపు లాగేస్తుంది," అంది టేపక్క అలవాటుగా. టీచరుగారు గొంతు తగ్గించారు. "ఆపరేషనైంది తల్లీ. రెండూ తీసేశారు. ఇంక పట్టి ఉంచడానికేముంది?" అందర్నీ కొలిచే ఆ చూపు కౌంటరు మీదికి వాలిపోయింది. టేపక్క పెట్టె మూసేసి, ఒక షిమ్మీ తీసి తిరగేసి, కుట్టును చెంపకు రుద్దింది. ఎక్కడా గుచ్చుకోలేదు. కానీ తడిసిపోయింది. చప్పున దాన్ని మడిచి పక్కన పెట్టి, ఇంకొకటి తీసింది.