నడుము కొలత

మా సందులో ఎవరు పోయినా డాక్టరు కంటే ముందు కబురు అందేది జపమాల వదినకే. చేతిలో గుడ్డ మిషను మీదే వదిలేసి, మెడలో టేపు తీయడం కూడా మరిచిపోయి పరుగెత్తేది. శవం పక్కన మోకాళ్లూని అందరిచేత జపమాల ప్రార్థన చెప్పించేది. చివర్లో ఆమె నోట నిత్య విశ్రాంతి ప్రార్థన వింటే, బతికినన్నాళ్లూ అత్తను ఆడిపోసుకున్న కోడలు కూడా కళ్లు ఒత్తుకునేది.

ఆమెది దర్జీ కొట్టు. గోడకు ఇవతల నాది కొవ్వొత్తుల కొట్టు, ఎదురుగా చర్చి. వదిన భర్త సరుకుల ఓడలో ఇంజను పనికి వెళ్లేవాడు. తుఫానులో ఆ ఓడ మునిగింది. కొందరి శవాలు దొరికాయి, ఆయనది దొరకలేదు. ఆత్మశాంతికి పూజ చేస్తానని ఫాదర్ గారు వస్తే వదిన ఇంతెత్తున లేచింది.

"శవాన్ని చూశారా ఫాదర్? బతికున్న మనిషిని ఉత్తరించు స్థలానికి పంపమంటారా?"

పోయిన ఆత్మలు మన ప్రార్థనల కోసం కనిపెట్టుకుని ఉండే చోటది. ఫాదర్ గారు మళ్లీ ఆ మాట ఎత్తలేదు.

పోయినవి వెతికిపెట్టే పునీత అంతోనివారి దగ్గర వదిన ప్రతి మంగళవారం నా కొట్లో కొన్న కొవ్వొత్తి వెలిగించేది. నా నోరు ఊరుకోదు కదా, ఒకసారి అననే అన్నాను.

"తాళంచెవులు వెతకడానికే ఆ స్వామికి తీరిక లేదు వదినా. ఇంత పెద్ద మనిషిని ఎక్కడని వెతుకుతాడు?"

"అందుకేగా వారం వారం గుర్తుచేస్తున్నాను," అంది.

ఏటా భర్త పేరుగల పునీతుని పండుగనాడు ఆయన నల్ల ప్యాంటు పెట్టెలోంచి తీసి, నడుము దగ్గర కుట్లు విప్పి కాస్త వదులు చేసేది. లోపలి మడత అయిపోయాక వేరే గుడ్డ అతుకు వేసింది.

"ఇదేం పిచ్చి?" అన్నాను.

"వయసు మీద పడితే పొట్ట రాదా? వచ్చాక బొత్తాం పట్టకపోతే నన్నే అంటాడు, దర్జీదాని మొగుడికి సరైన ప్యాంటు లేదని."

నవ్వబోయి ఆగిపోయాను.

కిందటి సకల ఆత్మల దినాన అందరం సమాధుల దగ్గర ఉన్నాం. రొట్టెల కొట్టు ముసలమ్మ వదిన చేయి పట్టుకుంది.

"నీ చలవ తల్లీ, మన సందులో ప్రార్థన లేకుండా పోయిన ఆత్మ ఒక్కటీ లేదు."

పాపం, ఆవిడ మెచ్చుకోలుగానే అంది. వదిన మాత్రం పక్కనున్న గట్టు మీద కూలబడింది. ఏమైందని అడిగాను.

"ఆయన నిజంగానే పోయుంటే? ఊరందరికీ ప్రార్థన చెప్పాను, ఆయనొక్కడికే చెప్పలేదు. ఇన్నేళ్లూ అక్కడ నా నోటి వంక చూస్తూ కూర్చున్నాడేమో."

 

వదిన లేచి, సమాధి లేనివాళ్ల కోసం నిలిపిన పెద్ద సిలువ ముందు మోకాళ్లూనింది. భర్త పేరు పైకి చెప్పింది. అంతే. ఎన్ని ఇళ్లలో చెప్పిన ప్రార్థనో, ఒక్క ముక్క బయటికి రాలేదు. సందంతా ఆమె చుట్టూ మోకాళ్ల మీదికి దిగింది. మిగతాదంతా మేమే చెప్పాం. ఏడుపు ఆపుకోలేక నేను మధ్యలో రెండుసార్లు తప్పు చెప్పాను.

మర్నాడు వెళ్లేసరికి ఆ నల్ల ప్యాంటు మిషను మీద ఉంది. అతుకు విప్పేసి పక్కన పడేసింది.

"ఎంతకి కుడుతున్నావు వదినా?"

"వెళ్లిన రోజు కొలతకి," అంది తలెత్తకుండా. "పోయినవాళ్లకి పొట్ట పెరగదుగా."

ఆ మంగళవారం ఆమె కోసం తీసి పెట్టిన కొవ్వొత్తి, కొట్టు కట్టేసేదాకా బల్ల మీదే ఉండిపోయింది.