దారడిగే మొండయ్య మామ

మా మొండయ్య మామ దారి అడగకుండా ఎక్కడికీ పోడు. తెలియని ఊళ్లో అడిగితే అది లోకరీతి. ఆయన తెలిసిన ఊళ్లో అడుగుతాడు. ఏళ్ల తరబడి ఉంటున్న మా చంద్రపూర్ పేట తుకుంలో, తన ఇంటికి నాలుగిళ్ల అవతల సైకిలు ఆపి, "అన్నా, తుకుం ఎటు దిక్కు?" అంటాడు. ఒకసారి చంద్రపూర్ నడిబొడ్డున జట్‌పురా గేటు నీడలోనే నిలబడి, జట్‌పురా గేటు ఎక్కడని ఒక ముసలాయనను అడుగుతుంటే నా కళ్లారా చూశాను. ముసలాయన తల ఎత్తి గేటును చూశాడు, తల దించి మామను చూశాడు. ఎండదెబ్బ అనుకున్నాడేమో, చెయ్యి పట్టి కూర్చోబెట్టి నీళ్లు తాగించాడు.

"పెండ్లిచూపులకు అచ్చినప్పుడు గూడ గింతే," అంటుంది ఆయన భార్య లస్మవ్వ అత్త. "మా వాకిట్ల నిలబడి, మా నాయిననే పట్టుకొని, మా నాయిన ఇల్లేదని అడిగిండు. పిల్లగాడు మంచోడే గని తొవ్వ తెల్వదు, జర చెయ్యి పట్టుకొని తిప్పుకో బిడ్డా అన్నడు మా నాయిన."

మామ బొగ్గుబాయిలో పని చేసి రిటైరైన మనిషి. ఏటా గుడ్ ఫ్రైడే ముందు నల్ల సైకిలెక్కి, ఆదిలాబాద్, నిర్మల్, కామారెడ్డి మీదుగా మెదక్ చర్చికి పోతాడు. మా చంద్రపూర్ ఎండల్లో జనం గుమ్మం దాటడానికే దేవుణ్ణి తలుచుకుంటారు. ఈయన దేవుణ్ణి తలుచుకుని ఏకంగా మహారాష్ట్రనే దాటుతాడు.

నాది తుకుంలో సైకిళ్ల దుకాణం. మామ వాళ్ల ఇల్లు మా ఇంటి పక్కనే, పిలుపుకే మామ. పోయిన ఏడు అత్త దుకాణానికి వచ్చి కూర్చుంది.

"తరుణ్, కొడుకా, ఈసారి నువ్వు గూడ పో. మోకాలు వాచింది, వద్దంటె ఇంటలేడు. ఒక్కన్నే పంపితె తొవ్వ అడుక్కుంట అడుక్కుంట క్రిస్మస్‌కు చేరుతడు."

మేం క్రైస్తవులం కాము. పైగా నేను సైకిళ్లు అమ్మేవాణ్ణే గాని, పక్కనున్న బల్లార్షా దాటి తొక్కినవాణ్ణి కాను. అయినా అత్త మాట తీసెయ్యలేక ఒప్పుకున్నాను. గేర్ల సైకిలు తీసి, హ్యాండిల్‌కు ఫోను బిగించి, అందులో మెదక్ దారి పెట్టాను.

"మామా, ఇగ ఎవ్వరిని అడిగే పని లేదు. గీ ఫోనే చెప్తది."

"మంచిదే," అన్నాడు మామ. వార్ధా నది వంతెన దగ్గరికి రాగానే సైకిలు దిగి, వలలు బాగుచేసుకుంటున్న మనిషి దగ్గరికి పోయాడు. "భావూ, మెదక్‌లా కుఠూన్ జాయ్‌చ?" అని మరాఠీలో మెదక్ దారి అడిగాడు.

ఆయన జన్మలో మెదక్ పేరు విన్నట్టు లేదు. అయినా వల పక్కన పెట్టి, లేచి నిలబడి, నది అవతలికి చెయ్యి చూపించాడు. మామ ఆ చేతి వెంట అంతదూరం చూసి, ఆ ముక్క తెలియక ఇన్నాళ్లూ బతుకు వృథా అయినట్టు తల ఊపాడు.

కోర్‌పనా దాటేసరికి నాకు ఓపిక అరిగిపోయింది. టైర్ల దుకాణంలో అడిగాడు. పత్తి చేను గట్టున కూర్చున్న ముసలామెను అడిగాడు. "ఆదిలాబాద్" అని అంతంత అక్షరాలతో రాసిన బోర్డు కింద నిలబడి, ఆదిలాబాద్ ఎటని బోర్డుకు కావలి ఉన్నట్టు కూర్చున్న వాచ్‌మన్‌ను అడిగాడు.

"మామా, నీకు తొవ్వ తెలుసు. తెల్వదని అబద్ధం ఎందుకు? మీ దేవుడు ఊకుంటడా?"

"తెల్వదని నేనెప్పుడు చెప్పిన? ఎటు అని అడిగిన. గంతే."

సరిహద్దు దాటి తెలంగాణలో అడుగుపెట్టాక అసలు కథ జరిగింది. ఒక మలుపు దగ్గర వేపచెట్టు కింద కూర్చున్న పెద్దమనిషిని మామ దారి అడిగాడు. ఆయన చాలాసేపు ఆలోచించి, ఎడమ చేతి మట్టి బాట చూపించాడు. ఫోను కుడికి పొమ్మంటోంది. ఆకాశంలో సూర్యుడూ కుడికే పొమ్మంటున్నాడు. మామ ఆయనకు దండం పెట్టి ఎడమకు తిప్పాడు.

"మామా, అది తప్పు తొవ్వ."

"ఎరుకే. ఎనుకకు చూడకు, తొక్కు. ఆయన చూస్తుండు."

ఆ మట్టి బాటలో గుంతలు తప్ప బాట లేదు. మోకాలి నొప్పికి పళ్లు బిగబట్టి, ఆ పెద్దమనిషి కనుమరుగయ్యేదాకా మామ తొక్కాడు. తర్వాత చేలకు అడ్డంపడి, సైకిళ్లు మోసుకుంటూ, ముళ్లు పీక్కుంటూ మళ్లీ పెద్ద రోడ్డెక్కాం. ఒక ముసలాయన మనసు చిన్నబోకూడదని ఇంత కష్టమా అని నాకు ఒళ్లు మండింది. గుడ్ ఫ్రైడే నాటి మధ్యాహ్న ప్రార్థన అందకపోతే ఇంత దూరం తొక్కిందంతా దండగ. మర్నాడు ఆదిలాబాద్ దాటాక ఆ మాటే అన్నాను.

"నువ్వు ముందుగాల పో బిడ్డా," అన్నాడు మామ, కోపం లేకుండా. "నేను నా తీరుగ వస్త. నిర్మల్ ఘాట్ ఎక్కకముందు ఆగు."

ఆగకుండా తొక్కాను. ఫోను చెప్పినట్టే తొక్కాను. నేరడిగొండ దాటాక అది కొలిమిలో పెట్టిన ఇనుములా కాలిపోయి, కళ్లు మూసుకుంది. సీసాలో నీళ్లయిపోయాయి. చుట్టూ అడవి. ఆకు కదలడం లేదు. కాళ్లల్లో బలం పోయి, రోడ్డు పక్కన కూలబడ్డాను. కళ్లముందు తెల్లటి మెరుపులు తప్ప ఏమీ లేదు. భయం వేసింది.

"సైకిల్ పడ్డ సప్పుడైంది. ఎవరది?" అని ఒక గొంతు. రోడ్డుకు కాస్త ఎడంగా ఒక రేకుల ఇల్లుంది. దాని ముందు తడికె నీడలో ఒక అవ్వ నిలబడి ఉంది. కర్రతో నేల తడుముకుంటూ నా దగ్గరికి వచ్చింది. ఆమెకు చూపు లేదు.

ఆమె, ఆమె కోడలు జ్యోతి కలిసి నన్ను నీడకు చేర్చారు. తల తడిపి, ఉప్పు వేసిన అంబలి తాగించారు. ఊపిరి కుదుటపడ్డాక, ఎక్కడికి పోతున్నానో అడిగారు.

"మెదక్‌కు."

అవ్వ ముఖం మారిపోయింది. "మెదక్‌కా? తొవ్వ అడిగే పెద్దమనిషి నీతోనే ఉన్నడా? ఈ యేడు ఇంక రాలేదు. పానం మంచిగున్నదా ఆయనకు?"

నేను నోరు తెరిచాను. జ్యోతి నవ్వింది. "మా అత్త రుక్కమ్మకు కండ్లు పోయినంక మంచం దిగలేదన్నా. ఎవ్వరితోని మాట్లాడలె. గా తాత ఒకపాలి మంచం కాడికే అచ్చి, మెదక్ ఎటు అవ్వా అని అడిగిండు. కండ్లు లేనోళ్లను తొవ్వ అడుగుతడేంది అని నేను కొట్లాటకు పోయిన. గని మా అత్త లేచి కూసొని అంత చెప్పింది. గప్పటి సంది ఎండకాలం రాంగనే తానం చేసి, మంచిచీర కట్టి, గీ తడికె కాడ కూసుంటది."

అంతలో దూరంగా మామ సైకిలు గంట. రుక్కమ్మ కొంగు సవరించుకుని, కర్ర నిటారుగా పట్టుకుని నిలబడింది. మామ దిగాడు. నన్ను చూశాడు, నా ముఖం చూశాడు, విషయం గ్రహించాడు. అయినా ముందు చెయ్యవలసిన పని ముందు చేశాడు.

"అవ్వా, మెదక్ ఎటు?"

"ఇగో ఇటు," అంది రుక్కమ్మ. "ముందుగాల ఘాట్. ఎక్కేటప్పుడు లారీలు మొత్తుకుంటయి, దిగేటప్పుడు బిరేకులు కీచుమంటయి. గా కీచు ఆగిందంటె నిర్మల్ దగ్గర పడ్డట్టు. నిర్మల్ దాటినంక గోదారి. మీదికి సల్లగాలి తాకుతది, మొక్కుకో. గాడికెల్లి ఎవలనన్న అడుగు, చెప్తరు."

ఆమె ముఖం దీపం పెట్టినట్టు ఉంది. మామ చేతులు కట్టుకుని విన్నాడు.

ఘాట్ మీద ఇద్దరం సైకిళ్లు తోసుకుంటూ నడిచాం. అప్పుడు అడిగాను, ఇదంతా ఎక్కడ నేర్చుకున్నావని.

"మా ఊరు వరోరాల," అన్నాడు మామ. "మా అయ్యకు బొగ్గుబాయిల కాళ్లు పోయినయి. ఇంటి ముందట మంచంల ఉండేటోడు. అందరు ఆయనకు అన్ని చేసిపెట్టేటోళ్లే, ఎవ్వరు ఏమి అడుగకపోదురు. అన్నం గూడ సరిగ తినకపోయేటోడు. ఒకనాడు లారీ ఆపి ఒక డ్రైవరు నాగ్‌పూర్ ఎటని అడిగిండు. మా అయ్య మోచేతుల మీద లేచి, వాగులు, వంతెనలు, చాయ్ మంచిగుండే హోటళ్లు, అన్నీ చెప్పిండు. ఆ పూట మా అమ్మను పిలిచి, ఇంకింత కూర వెయ్యే అన్నడు."

మలుపు దగ్గర సైకిలు ఆపి మోకాలు ఒత్తుకున్నాడు.

"పైసలడిగితె లేవనొచ్చు. నీళ్లడిగితె కుండల లేకపోవచ్చు. తొవ్వ అడిగితె ఇయ్యలేనోడు ఉండడు బిడ్డా."

అక్కడి నుంచి నేను ఎక్కడా తొందరపెట్టలేదు. చిత్రం ఏమిటంటే, ఎక్కడా ఆలస్యం కాలేదు కూడా. గోదావరి మీది సోన్ వంతెన దగ్గర కూర్చునే ముసలి టైలరు మామ కోసం కుర్చీ వేసి ఉంచాడు. కామారెడ్డి ఇవతల ఒకాయన దారి చెప్పి, తృప్తి తీరక, లూనా తీసి ఊరి చివరదాకా మా ముందు నడిపాడు. ఎవరూ ఈయనను యాత్రికుడని మొక్కలేదు. దారి తెలియని అమాయకుడని జాలిపడ్డారు, కడుపు నింపి పంపారు. నేను పక్కనుండి చూస్తూ పోయాను. అన్ని గేర్లున్న నా సైకిలు, గేరే లేని ఆయన సైకిలు వెనకాలే పోయింది.

గుడ్ ఫ్రైడే నాడు, రామాయంపేట నుంచి వస్తుంటే, పొలాల మీదుగా మెదక్ చర్చి గోపురం కనిపించింది. రాతితో కట్టిందే గాని ఆకాశానికి ఆనించి పెట్టినట్టుంది. నా కాళ్లు వాటంతటవే ఆగిపోయాయి. మామ టోపీ తీసి కళ్లు మూసుకున్నాడు. జీవితంలో మొదటిసారి, అడగడానికి ఆయనకు మాట దొరకలేదనుకున్నాను.

తప్పు. చర్చి మెట్ల దగ్గరికి పోయాక చూస్తే, జనమంతా లోపలికి పోతున్నారు. ఒకామె మాత్రం కింది మెట్టు మీద, తల మీద కొంగు కప్పుకుని, ఎటూ కదలకుండా కూర్చుని ఉంది. మామ చెప్పులు విడిచి ఆమె ముందు నిలబడ్డాడు.

"చెల్లే, చర్చిలకు ఎటు పోవాలె?"

తలుపులు ఆమె వెనకే బార్లా తెరిచి ఉన్నాయి. ఏనుగు పోయేంత వెడల్పు. ఆమె వేలితో చూపించింది. మామ కళ్లు చికిలించి గోడ వైపు చూశాడు.

"అటు గాదు పెద్దయ్యా, ఇటు," అందామె. మామ ఇంకోవైపు చూశాడు. ఆమె నిట్టూర్చి లేచింది. "పా, నేను చూపిస్త," అని మామ చెయ్యి పట్టుకుంది. ఒక మెట్టెక్కి ఆగింది. మామ కూడా ఆగాడు, తొందరపెట్టలేదు. తర్వాత ఇద్దరూ లోపలికి పోయారు.

ప్రార్థన అయ్యేదాకా వెనకాల నిలబడి చూశాను. రంగుల అద్దాల కిటికీల్లోంచి వెలుగు జనం మీద పడుతోంది. ఆమె మామ చెవి దగ్గర వంగి ఒక్కో కిటికీ చూపిస్తోంది. ఇది ప్రభువు పుట్టుక, ఇది సిలువ, ఇది పరలోకానికి పోవడం. ఏటా వచ్చే మనిషి ఒక్కోదానికీ తల ఊపుతున్నాడు.

బయటికి వచ్చాక ఆమె నన్ను పక్కకు పిలిచింది. కళ్లు ఎర్రగా ఉన్నా ముఖం తేటగా ఉంది.

"మా ఆయన పోయినంక గీ మెట్ల దాంకనే వస్తున్న. కాలు లోపట పడకపోయేది. మీ తాత పుణ్యాన ఇయ్యాల పోయిన. గని ఆయనను ఒక్కన్ని ఇడిసిపెట్టకు బాబూ. చానా అమాయకుడు."

"సరే అమ్మా," అన్నాను.

మామ చెప్పులు తొడుక్కుంటూ కూర్చుని ఉన్నాడు. ఏదో ఆలోచనలో ఉన్నాడు.

"ఏంది మామా?"

"గా పుట్టుక కిటికీల గొల్లోళ్లు ఉన్నరట తరుణ్. ఎన్నేండ్ల సంది వస్తున్న, నేనేనాడు సూడనేలేదు."