సబ్బు బిళ్ళ, ములాఖత్ గంట

ఈ ఉదయం ఒక తప్పు చేశాను. పక్కింటి అమ్మాయికి ఈమధ్యే కొడుకు పుట్టాడు, భర్త దుబాయిలో ఉన్నాడు. పనిలో దొరికే కాస్త విరామంలో ఆయన వీడియోలో ఫోను చేస్తే, ఒక్కసారి ఇటివ్వమ్మా అని అందుకుని, పసివాడి చెవుల్లో నూనె పోయకూడదని మొదలుపెట్టి, ఎవరు ఎత్తుకున్నా చేతులు కడుక్కోవాలన్న దాకా వచ్చేసరికి ఆయన విరామం కాస్తా అయిపోయింది. ఆ అమ్మాయి గట్టిగా అనలేదు కానీ అన్నది మాత్రం సూటిగానే అన్నది.

"పిలగాణ్ణి సూడనే లేదు తాతా. నిన్నే సూసిండు."

ఇంటికొచ్చి కూర్చున్నాక, ఇదే తప్పు వయసులో ఉండగా కూడా చేశానని గుర్తొచ్చింది.

అప్పటికి ఆంధ్రప్రదేశ్ ఏర్పడి కొన్నేళ్ళయింది. కరీంనగర్‌లో చదువు ముగించి, ఉద్యోగం దొరికేలోపు ఖాళీగా ఉండటం ఎందుకని, ఖైదీల కుటుంబాలకు సాయపడే ఒక చిన్న సంఘంలో చేరి గోదావరి దాటి ఆదిలాబాద్ వైపు వెళ్ళాను. మా ఇంట్లో ఎవరూ అంతకు ముందు ఆ ఒడ్డు చూసినవారు కారు. నేనేదో పరదేశం పోతున్నట్టు అవ్వ కొండగట్టు అంజన్నకు మొక్కి, నెలకు సరిపడా సకినాలు మూట కట్టింది. తీరా వెళితే అక్కడి సంతలో సగం బేరాలు మరాఠీలో జరుగుతుంటే అవ్వ అనుమానం నిజమేనేమో అనిపించింది.

మా పని రెండు రకాలు. జైల్లో ఉన్నవాళ్ళను చూసే ములాఖత్‌కు దూరాల నుంచి వచ్చే ఆడవాళ్ళకు నీడ, తాగే నీళ్ళు చూడటం ఒకటి, పరిశుభ్రత గురించి చెప్పడం రెండోది. మొదటిది చేసినవాణ్ణి ఎవరూ సారూ అనరు కనుక నాకు రెండోదే ఇష్టం. నాలుగు తరగతులు విని వచ్చిన ఉత్సాహంలో, జైలు గేటు ముందు ఒక సబ్బు బిళ్ళ, ఒక చెంబు పెట్టుకుని, నా ఎదుట చేతులు కడిగి గోళ్ళు చూపిస్తే తప్ప ఎవరినీ లోపలికి వెళ్ళనిచ్చేవాణ్ణి కాను. అలాంటి రూలేదీ లేదు. రూలున్నట్టు నిలబడేవాణ్ణి, అంతే.

ఒక ములాఖత్ రోజున బోథ్ దిక్కు నుంచి ఒక బాలింత వచ్చింది. భర్త అడవిలో టేకు చెట్టు కొట్టి శిక్ష పడ్డవాడు. అతడు లోపలికి పోయాక పుట్టిన కొడుకును అతడికి చూపించాలని, కొంత నడిచి, కొంత బండెక్కి వచ్చింది. వరుసలో ఆఖరిది. గోళ్ళు చూస్తే చుట్టూ పచ్చగా పట్టి ఉంది. మళ్ళీ కడగమన్నాను. కడిగింది. ఇంకా ఉంది. ఇంకోసారి అన్నాను.

"గది పసుపు సారూ. బాలింతను. యాడ పోతది?"

పెళ్ళికాని నాకు ఆ మాట అర్థమయ్యేలోపే గంట కొట్టారు. ములాఖత్ అయిపోయింది. మళ్ళీ వచ్చే నెలే. అప్పటికి పత్తి ఏరే పనులు ఉంటాయి, ఆమెకు రావడం కుదరదు.

"నీ సబ్బు పాడుగాను! పిలగాణ్ణి బాపుకు సూపెట్టుదామని వచ్చిన్నా, నీకు సేతులు సూపెట్టుదామని వచ్చిన్నా?"

జైలరును బతిమాలితే ఆమెను లోపలికి పంపడం కుదరదన్నాడు. కానీ మధ్యాహ్నం ఖైదీలకు నేను పాఠం చెప్పడానికి అనుమతి ఉంది. నాకు అంతకు ముందుగానీ తరువాతగానీ రాని తెలివి ఆ క్షణంలో వచ్చింది. ఈ రోజు పాఠం శిశు సంరక్షణ అనీ, శిశువు లేనిదే చెప్పడం వీలుకాదనీ అన్నాను.

"ఈడున్నోళ్లంతా మొగోళ్లు. పోరగాన్ని ఎట్ల పట్టుకోవాల్నో వీళ్లకెందుకయ్యా?"

విడుదలయ్యాక పనికొస్తుందండీ అన్నాను. ఆయన పసివాడి వైపు కాసేపు చూసి, జల్ది కానియ్యి అని మొహం తిప్పుకున్నాడు.

బిడ్డను తీసుకుపోవడానికి చేతులు చాపాను. ఆమె ఇవ్వలేదు.

"నువ్వు కడుక్కున్నవా సారూ?"

కడుక్కోలేదు. పొద్దుటినుంచి అందరి చేతులూ కడిగించాను కానీ నావి కడుక్కోలేదు. చెంబు దగ్గరికి పోయి కడుక్కుని వస్తే ఆమె నా గోళ్ళన్నీ తిప్పి తిప్పి చూసి, అప్పుడు ఇచ్చింది. ఒక మాట కూడా అప్పగించింది.

లోపల నేను నోరు తెరవకముందే ఖైదీలు లేచారు. "మెడ, సారూ, మెడ! కింద సెయ్యి పెట్టు!" గొంతులు కోస్తామన్నట్టుండే మీసాలవాళ్ళంతా నాకు పాఠం చెప్పారు. వెనక వరసలో ఒకడు మాత్రం తల వంచుకుని కూర్చున్నాడు. ఈ బాబుది బోథ్ దిక్కు, వీళ్ళ నాన్న టేకు చెట్టు కొట్టాడు అని నేననగానే అందరూ వెనక్కి తిరిగారు.

అతడు వచ్చాడు. ముట్టుకోలేదు. ముందు తొట్టి దగ్గరికి పోయి మోచేతుల దాకా కడుక్కున్నాడు. అది నా పాఠం కాదు, అతడి భయం. ఎత్తుకోగానే కొడుకు అంగీ నిండా తడిపాడు. జైలంతా నవ్వింది.

"అది బాగున్నదా సారూ?" అని భార్య గురించి అడిగాడు.

ఆమె అప్పగించిన మాట అందరి ముందే చెప్పాల్సి వచ్చింది. "మళ్ల అడవిల గొడ్డలి పట్టినవంటే ఇంటికి రాకు అన్నదయ్యా." అతడు తడిసిన అంగీతోనే తల ఊపాడు. కళ్ళు తుడుచుకుందామంటే చేతులు ఖాళీ లేవు.

బయట ఆమె బిడ్డను తీసుకుని, మనిషి బక్కచిక్కిండా అని అడిగింది. లేదన్నాను. అబద్ధం. పిల్లవాణ్ణి చూపించగలిగాను కానీ ఆ మనిషిని ఆమెకు చూపించలేకపోయాను. ఆ లోటు పూడ్చే పాఠం నా దగ్గర లేదు.

ఇప్పుడు గోడలూ గంటలూ లేవంటారు. వేల మైళ్ళ అవతలి మొహం అరచేతిలో కనిపిస్తుంది. అయినా తండ్రికీ బిడ్డకూ నడుమ దూరడానికి నాలాంటి వాడికి చోటు దొరుకుతూనే ఉంది.

సాయంత్రం ఆయన మళ్ళీ ఫోను చేసే వేళకు వాళ్ళింటికి పోయాను. ఆ అమ్మాయి అనుమానంగా చూసింది. పెరట్లో చేతులు కడుక్కుని వచ్చి, ఆమె కూడా బిడ్డ పక్కన కనిపించేలా ఫోను నేను పట్టుకున్నాను. కాసేపటికి అవతలినుంచి, ఏమన్న చెప్తరా తాతా అని ఆయనే అడిగాడు. నోటిదాకా వచ్చింది. తల అడ్డంగా ఊపి, నొప్పెడుతున్న చెయ్యి మార్చుకుని, ఫోనును బిడ్డ పాదాల దగ్గరికి జరిపాను.